బార్కస్ మండీకి మంచి మార్కులే, మెనూ కార్డులోని కథ మాత్రం మార్చాలి

హైదరాబాద్‌లో చాంద్రాయణగుట్ట దాటి బార్కస్‌లోకి వెళ్తే మండీ, అంటే అన్నం, మాంసం కలిపి వండే అరబ్బు వంటకం, అమ్మే హోటళ్లు చాలానే కనిపిస్తాయి. వాటిలో ఓ మోస్తరు హోటల్ గురించి ఇది. పేరు రాయడం లేదు, ఎందుకంటే నా ఫిర్యాదు వాళ్లొక్కరి మీదే కాదు.

ముందు తిండి సంగతి. మటన్ మండీ చాలా బాగుంది. మాంసం వేలితో లాగితే ఎముక నుంచి వచ్చేసేంత మెత్తగా ఉంది, అన్నం పొడిపొడిగా ఉన్నా ప్రతి గింజకీ ఆ కొవ్వు రుచి పట్టింది. అసలు పద్ధతి అదే మరి, నేలలో తవ్విన పొయ్యిలో కింద అన్నం, పైన మాంసం పెట్టి మూత బిగిస్తే కారిన కొవ్వంతా అన్నంలోకి దిగుతుంది. బిర్యానీ ఘాటు ఆశించి వెళ్లకండి, ఇక్కడ మిరియాలు, జీలకర్ర, యాలకులదే రాజ్యం, కారం కావాలంటే పక్కన టమాటా పచ్చడి ఇస్తారు. మరగ్ అనే మాంసం సూప్ వేడివేడిగా తెచ్చారు, అడిగితే మళ్లీ పోశారు. చికెన్ మండీ మాత్రం వద్దు. విడిగా వేయించిన ముక్కని అన్నం మీద పెట్టారంతే.

ఇక ఫిర్యాదు. మెనూ కార్డు మొదటి పేజీలో "బార్కస్ అనే పేరు అరబ్బీ 'బరకత్' నుంచి వచ్చింది, దీవెనల నేల అని అర్థం" అని బంగారు అక్షరాలతో అచ్చేశారు. కాదండీ. అది ఇంగ్లిష్ 'బ్యారక్స్', అంటే సిపాయిలు మకాం ఉండే ఇళ్ల వరసలు. నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బులు, ముఖ్యంగా యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ ఉండేవాళ్లు, ఆ బ్యారక్సే జనం నోళ్లలో బార్కస్ అయింది. వాళ్ల వారసుల్ని ఇప్పటికీ చావూష్‌లు అంటారు, అది కూడా సైన్యంలో ఒక హోదా పేరే.

మన పేపర్లలో బ్యారక్ అనే మాట ఎక్కువగా జైలు వార్తల్లోనే వస్తుంది కాబట్టి సైన్యం అర్థం చాలామందికి తట్టదేమో. కానీ ఈ ఊరి నిండా అలాంటి పేర్లే కదా! ఏసీ గార్డ్స్ అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, ఫస్ట్ లాన్సర్ అంటే బల్లేలు పట్టిన గుర్రపు దళం, సికింద్రాబాద్‌కైతే మొత్తంగా లష్కర్, అంటే సైన్యం, అనే పేరే ఉంది, బోనాలప్పుడు అందరి నోటా అదే మాట.

ఆ చరిత్ర తీసేస్తే ఈ వీధిలో అరబ్బు తిండి ఎందుకుందో కూడా అర్థం కాదు. ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ అనే ఆయన హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం కొలువులో జమేదార్, అంటే సైనికాధికారి, అయ్యాడు, ఇక్కడ సంపాదించిన డబ్బూ పలుకుబడితో అక్కడ తన వంశానికి రాజ్యమే సంపాదించి పెట్టాడు, ముకల్లా కేంద్రంగా ఆ వంశం 1967 దాకా ఏలింది. ఇక్కడున్న మామూలు సిపాయిలకు మాత్రం 1948 సెప్టెంబర్ పోలీస్ యాక్షన్ తర్వాత కొలువులు పోయాయి, తర్వాతి తరాల్లో చాలామంది గల్ఫ్ బాట పట్టారు. ఇంత కథ ఉన్నచోట దీవెనల నేల అని రాసుకుంటే ఆ మనుషుల్ని మనమే చెరిపేసినట్టు కాదా, నాకైతే బాధేసింది.

కౌంటర్ దగ్గరున్న పెద్దాయన్ని అడిగాను. "మాకు తెలుసు భాయ్, మా తాత నిజాం ఫౌజ్‌లోనే చేశాడు, కార్డు ప్రింటింగ్ వాళ్లే రాసిచ్చారు" అన్నారు. మరి మీ తాతగారి సంగతే అచ్చేయించండి చాచా, చదివేవాళ్లకి అది చాలు అన్నాను. సరేనన్నారు. వేరే హోటళ్ల వాళ్లూ, యూట్యూబ్‌లో ఫుడ్ వీడియోలు చేసేవాళ్లూ కూడా ఇదే బరకత్ కథ చెప్తున్నారు, వాళ్లూ మారిస్తే బాగుంటుంది.

వెళ్లేవాళ్లకి: నలుగురికి ఒక పెద్ద పళ్లెం సరిపోతుంది, కింద పరుపుల మీద కూర్చుని అందరూ అందులోనే తినాలి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి టేబుళ్లు కూడా ఉన్నాయి. శుక్రవారం మధ్యాహ్నం రద్దీ ఎక్కువ, కారు పెట్టడానికి చోటు దొరకదు. మటన్ తొందరగా అయిపోతుంది, ముందే ఫోన్ చేసి ఉందో లేదో కనుక్కుని బయల్దేరండి.