మే నెలలో కుక్కతో బెజవాడ, గుంటూరు

గుంటూరులో బాబాయి గారి గృహప్రవేశం మే నెలలో పడింది. హైదరాబాద్ నుంచి మా లాబ్రడార్ బుజ్జిగాడిని కూడా తీసుకెళ్లాం. దాన్ని వదిలి వెళ్దామంటే ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు.

ముందు రైలు చూశాం. ఈ దారిలో తిరిగే వందే భారత్‌లో ఉన్నవన్నీ చైర్‌కార్లే, కుక్కకు చోటు లేదు. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్లలోనూ రానివ్వరు. ఫస్ట్ ఏసీలో కూపే (రెండు బెర్తుల గది) మొత్తం మనకే దక్కితే వెంట ఉంచుకోవచ్చు గానీ, దక్కిందో లేదో చార్టు వేసేదాకా తేలదు. ఇక మిగిలింది గార్డు బోగీలో డాగ్ బాక్స్. ఆ ఎండల్లో ఇనప పెట్టెలో బొచ్చు కుక్కని పెట్టడానికి నాకు మనసొప్పలేదు. రైలే దిక్కయ్యేవాళ్లు టీకాల కార్డు, డాక్టరు రాసిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పట్టుకుని కాస్త ముందుగా పార్సిల్ ఆఫీసుకు వెళ్లాలి.

కారులో విజయవాడ దాదాపు 275 కిలోమీటర్లు. తెల్లవారకముందే బయల్దేరి, ఎండ ముదిరేలోపు నందిగామ దాటేశాం. రాత్రి తిండి తేలిగ్గా పెట్టి, పొద్దున ఏమీ పెట్టకపోవడంతో వాంతుల గొడవ లేదు. ఆగిన చోటల్లా కొద్దికొద్దిగా నీళ్లు. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, వేడి తగ్గించుకోవడానికి రొప్పడమే దానికి ముఖ్యమైన దారి. అందుకే హైవే మీద మెరిసిపోయే ఫుడ్ ప్లాజాలకంటే వేపచెట్టున్న టీ కొట్టుకే నేను ఎక్కువ మార్కులేస్తాను. ప్లాజాల్లో కుక్కని లోపలికి రానివ్వరు, బయటేమో నీడ ఉండదు. ఏసీ ఆపిన కారులో వదిలేద్దామా అంటే పది నిమిషాల్లోనే వేడి పది డిగ్రీల దాకా పెరుగుతుంది. మేం వంతులేసుకుని తిన్నాం.

బెజవాడలో బస దగ్గరే అసలు తంటా. ఫోన్లో ‘పెట్ ఫ్రెండ్లీ అండీ, తప్పకుండా రండి’ అన్న పెద్ద హోటల్ వాళ్లు, తీరా వెళ్లాక ‘సెల్లార్‌లో వాచ్‌మెన్ దగ్గర కట్టేయండి సార్’ అన్నారు. పటమటలో ఒక సర్వీస్ అపార్ట్‌మెంట్‌కి మారాం. లిఫ్టు చిన్నది, వంటగది ఇరుకు. అయినా గదిలోనే ఉండనిచ్చారు, అడిగితే ఫినాయిల్ లేకుండా మామూలు నీళ్లతో తుడిచిపెట్టారు. కుక్క అరికాళ్లు నాకుతుంది కదా, నేల మీద ఉన్నదంతా కడుపులోకే. మీరు ఎక్కడ దిగినా ముందు బాత్‌రూమ్‌లో, అల్మారాల్లో నాఫ్తలీన్ గోళీలున్నాయేమో చూడండి. ఒక్కటి మింగినా ప్రమాదమే. నేను గదిలోకి అడుగుపెడుతూనే ఏరి పారేయించాను.

నడకకు కృష్ణ ఒడ్డున పున్నమి ఘాట్ వైపు పొద్దున్నే బాగుంది. ప్రకాశం బ్యారేజీ మీదకు మాత్రం కుక్కతో వద్దు, నీడ లేదు, బళ్ల హోరు. ఎనిమిది దాటితే తారు కాలిపోతుంది. చేతి వెనకవైపు రోడ్డుకి ఆనించి ఐదారు సెకన్లు ఉంచలేకపోతే కుక్కనీ నడిపించకూడదు. ఉండవల్లి గుహల దగ్గర కోతులున్నాయి కాబట్టి, ఒకరు అనంతపద్మనాభుణ్ణి చూసొచ్చేదాకా ఇంకొకరం చెట్టు కింద దాన్ని పట్టుకుని కూర్చున్నాం. పక్క పొలాల కాలవ నీళ్లు తాగనివ్వలేదు. ఏ మందు కొట్టారో ఎవరికి తెలుసు?

సంచిలో థర్మామీటర్ పెట్టుకున్నాం. కుక్కకి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ మామూలే, మన లెక్కన జ్వరం అనుకుని కంగారుపడక్కర్లేదు. 104 దాటితే మాత్రం మామూలు నీళ్లతో తడిపి, ఫ్యాను కింద పెట్టి, వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. మనం వేసుకునే నొప్పి మాత్రలు దానికి విషం. పెద్ద అవసరమొస్తే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. 1962 నంబరు సంచార పశువైద్య వాహనాలు ముఖ్యంగా పాడి పశువుల కోసం, కాబట్టి కుక్కల డాక్టరు నంబరు ఊరు చేరకముందే సంపాదించుకోవడం మంచిది.

గుంటూరులో మిర్చి యార్డు వైపు అద్దాలు ఎత్తే ఉంచాం. ఆ ఘాటుకి మనుషులకే తుమ్ములు, ఇక దాని ముక్కు సంగతి చెప్పాలా! గృహప్రవేశం రోజు హోమం పొగ, జనం ఉంటాయని దగ్గర్లో కుక్కల్ని ఉంచుకునే ఒక బోర్డింగ్ చూసొచ్చాం. గూళ్లు శుభ్రంగానే ఉన్నాయి గానీ, టీకాల కార్డు చూపించమని అడగనే లేదు. అంటే పక్క గూట్లో కుక్కకీ అడిగి ఉండరు! వద్దనుకుని మేడ మీద గదిలో కూలర్ పెట్టి ఉంచాం. చుట్టాల ప్రేమను ఆపడమే కష్టమైంది. పిన్ని గిన్నెనిండా పాయసం తెస్తే, ‘కిస్మిస్ ఉంది పిన్నీ, దాని కిడ్నీలు పోతాయి. పెరుగన్నం పెట్టు చాలు’ అన్నాను. ఉల్లిపాయ పకోడీ కూడా వద్దన్నాను. ‘మా చిన్నప్పుడు కుక్కలు అన్నీ తినేవి’ అని బాబాయి నవ్వారు. పాయసం మాత్రం వెనక్కెళ్లింది.

తిరిగొచ్చాక చెవుల లోపల, వేళ్ల సందుల్లో పిడుదుల కోసం వెతికాం, ఒకటి దొరికింది. పిడుదు కాటుతో జ్వరం రావచ్చు కాబట్టి రెండు మూడు వారాల పాటు కనిపెట్టుకుని ఉండమని, ఈలోపు తిండి మానినా, నీరసంగా పడుకున్నా రక్తపరీక్ష చేయించమన్నారు డాక్టరు గారు.