సన్ వ్యాలీ సెరెనేడ్: చూడాల్సిందంతా కాళ్లలోనే ఉంది

పాత హాలీవుడ్ మ్యూజికల్స్ అంటే ఇష్టం ఉండి కూడా సన్ వ్యాలీ సెరెనేడ్ ఇంకా చూడకపోతే ఒక గంటన్నర ఖాళీ చేసుకుని చూసేయండి. 1941లో ట్వంటియెత్ సెంచరీ ఫాక్స్ తీసిన బ్లాక్ అండ్ వైట్ సినిమా ఇది. డైరెక్టర్ బ్రూస్ హంబర్‌స్టోన్, హీరోయిన్ సోన్యా హెనీ, నిడివి 86 నిమిషాలే. కథ పల్చగా ఉంటుంది, అది ముందే చెప్పేస్తున్నా. కానీ పని తెలిసినవాళ్లని తెచ్చి, వాళ్ల పని వాళ్లని చేయనిచ్చి, కెమెరా పక్కకి తప్పుకుంటే ఎంత బాగుంటుందో ఈ సినిమా చూస్తే అర్థమవుతుంది.

కథ సంగతి. ఒక ఆర్కెస్ట్రా ఉంటుంది, దానికి కాస్త పేరు రావాలి. రెండో ప్రపంచ యుద్ధం వల్ల నిరాశ్రయురాలైన ఒక పాపని పెంచుకుంటున్నామని పేపర్లో వేయించుకుంటే పబ్లిసిటీ వస్తుందని మేనేజర్ నిఫ్టీ ప్లాన్ వేస్తాడు (మిల్టన్ బెర్ల్, మాటల తుపాకీలా పేలుతూనే ఉంటాడు, కాసేపటికి కొంచెం తగ్గితే బాగుండనిపిస్తుంది). తీరా అందరూ ఎల్లిస్ ఐలాండ్‌కి (వలస వచ్చేవాళ్లు ముందుగా దిగే న్యూయార్క్ దగ్గరి దీవి) వెళ్లి చూస్తే నార్వే నుంచి వచ్చింది చిన్నపిల్ల కాదు, పెళ్లీడుకొచ్చిన కారెన్. పియానో వాయించే టెడ్ (జాన్ పేన్) మీద ఆమె చూసీచూడగానే మనసు పడుతుంది, అతనికేమో అప్పటికే గాయని వివియన్ (లిన్ బారీ) ఉంది. అందరూ ఐడహోలోని సన్ వ్యాలీకి చేరతారు, అక్కడ మంచు, స్కీయింగ్, అలకలు, చివరికి ఏమవుతుందో మొదటి పావుగంటలోనే తెలిసిపోతుంది.

నాకు నిజంగా ఇబ్బందిగా అనిపించింది వివియన్ పాత్ర. ఆ అమ్మాయి చేసిన తప్పేమీ లేదు, తను ప్రేమించినవాణ్ణి ఇంకొకరు ఎత్తులు వేసి లాగేసుకుంటుంటే కోపం రావడం సహజమే కదా. అయినా సినిమా మాత్రం కారెన్ వేసే ఎత్తులన్నీ ముచ్చటగా చూపించి వివియన్‌ని మాత్రం గయ్యాళిలా నిలబెడుతుంది.

ఇక సోన్యా హెనీ. ఈమె అసలు ఫిగర్ స్కేటర్, అంటే ఐస్ మీద స్కేట్లతో గంతులు, గిరికీలు చేసే క్రీడాకారిణి. 1924 వింటర్ ఒలింపిక్స్‌లో పదకొండేళ్ల వయసులో పోటీ చేసి అందరికంటే చివర వచ్చింది. తర్వాత 1928, 1932, 1936 మూడు ఒలింపిక్స్‌లోనూ స్వర్ణం, 1927 నుంచి 1936 దాకా వరసగా పది ప్రపంచ టైటిళ్లు. ఒలింపిక్స్ మహిళల సింగిల్స్‌లో మూడు స్వర్ణాలు ఇప్పటికీ ఇంకెవరికీ లేవు. ఇలాంటి మనిషి నటిగా ఎలా ఉందంటే, ఉన్నమాట చెప్పాలంటే, మామూలుగానే ఉంది. బుగ్గల్లో సొట్టలు పడే ఆ నవ్వు బాగుంటుంది, డైలాగులు మాత్రం అన్నీ ఒకే పోకడ. ఐస్ మీద అడుగుపెట్టగానే మనిషే మారిపోతుంది. ఆమె తల నుంచి స్కేట్ల దాకా ఫ్రేమ్‌లో కనిపించేలా కెమెరాని దూరంగా పెట్టారు, అందుకే వేగం ఎక్కడ మొదలైంది, ఏ కాలి మీద బరువు వేసింది, స్కేటు ఏ అంచు మీద తిరిగింది అన్నీ కళ్లకి అందుతాయి. ఇప్పటి ట్రిపుల్ జంప్‌లకి అలవాటైన కళ్లకి ఆమె జంప్‌లు చిన్నగా అనిపించొచ్చు. కానీ ఆ స్పిన్ చూడండి, ఉన్నచోటి నుంచి కదలకుండా బొంగరంలా తిరిగి తిరిగి, ఆగగానే తడబాటు లేకుండా అలాగే నవ్వుతూ నిలబడుతుంది.

స్కీయింగ్ సీన్లు మాత్రం అంతగా అతకలేదు. క్లోజప్‌లో వెనక తెర మీద కొండలు కదులుతున్నట్టు తెలిసిపోతుంటుంది, లాంగ్ షాట్లలో ఆమెకి డూప్‌గా చేసింది గ్రెచెన్ ఫ్రేజర్. ఆ డూప్ కూడా తక్కువదేం కాదండీ, 1948లో స్విట్జర్లాండ్‌లోని సెయింట్ మోరిట్జ్ ఒలింపిక్స్‌లో స్లాలమ్ (గుర్తుల మధ్య మలుపులు తిరుగుతూ దిగే స్కీయింగ్ పోటీ) స్వర్ణం గెలిచింది. హెనీ తన మొదటి స్వర్ణం గెలిచింది కూడా ఆ ఊళ్లోనే.

సంగీతం గురించి ఎంత చెప్పినా తక్కువే, ఎందుకంటే ఆర్కెస్ట్రాగా తెర మీద కనిపించేది సాక్షాత్తూ గ్లెన్ మిల్లర్ బృందం, అప్పట్లో అమెరికాలో బాగా పేరున్న డాన్స్ బ్యాండ్. ఇన్ ద మూడ్ అనే బాణీ వాయిస్తున్నప్పుడు ట్రాంబోన్లు, ట్రంపెట్లు పట్టుకున్నవాళ్లని గమనించండి, ఒకరి ఊపిరి ఇంకొకరు తీసుకుంటున్నట్టు ఉంటుంది. లిన్ బారీ పాటలకి గొంతు పాట్ ఫ్రైడేది. తర్వాత అందరి నోటా నానిన ఎట్ లాస్ట్ కూడా ఈ సినిమా కోసమే తయారైంది, కానీ పాడిన వెర్షన్ పక్కన పెట్టేశారు, ఇందులో నేపథ్యంలో మాత్రమే వినిపిస్తుంది. అంత మంచి పాటని వదులుకోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అసలు గుండెకాయ చాటనూగా చూ చూ అనే పాట. హ్యారీ వారెన్ బాణీ, మాక్ గోర్డన్ సాహిత్యం. ఈ పాట రికార్డు 12 లక్షల కాపీలు అమ్ముడైనందుకు 1942 ఫిబ్రవరిలో మిల్లర్‌కి బంగారు పూత వేసిన రికార్డు బహూకరించారు, గోల్డ్ రికార్డుల సంప్రదాయం అక్కడి నుంచే మొదలైంది. తెర మీద ముందు బృందం వాయిస్తుంది, టెక్స్ బెనెకీ పాడతాడు, అంతా అయిపోయిందనుకునేసరికి డొరొతీ డాండ్రిడ్జ్, నికొలస్ బ్రదర్స్ వస్తారు. ఫేయార్డ్, హెరాల్డ్ అన్నదమ్ముల ట్యాప్ డాన్స్ (బూట్ల చప్పుడుతోనే తాళం వేసే నాట్యం) చూస్తూ కుర్చీలో కుదురుగా కూర్చోవడం కష్టం. గాల్లోకి ఎగిరి రెండు కాళ్లూ చాపి నేల మీద దిగడం, చేతులు ఆనించకుండా అలాగే పైకి లేవడం, పైగా చెమటపట్టినట్టు కూడా కనబడరు. హీరోయిన్ ప్రపంచ ఛాంపియన్ అయినా ఈ సినిమాలో అందరికంటే గొప్ప పని వీళ్లదే అని నా అభిప్రాయం.

కానీ వాళ్లు ఆ ఒక్క పాటలోనే ఉంటారు, కథలో ఎవరితోనూ ఒక్క మాట ఉండదు. ఆ రోజుల్లో నల్లజాతి కళాకారుల అంశాలను కథకి అంటకుండా విడిగా పెట్టేవాళ్లు, అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఆ ముక్క కత్తిరించి ఆడించుకోవడానికి వీలుగా. ఇంత ప్రతిభ ఉన్న ముగ్గురిని అలా ఒక మూల కూర్చోబెట్టడం అన్యాయం. డాండ్రిడ్జ్ పదమూడేళ్ల తర్వాత చేసిన సినిమాకి ఉత్తమ నటి ఆస్కార్ నామినేషన్ అందుకున్న మొదటి నల్లజాతి మహిళ అయింది. ఇక్కడ ఆమె కళ్లతో చేసిన అల్లరి చూస్తే అది ఆశ్చర్యమనిపించదు.

హెనీ గురించి ఇంకో సంగతి కూడా దాచకూడదు. 1936లో బెర్లిన్‌లో ఆమె హిట్లర్‌కి నాజీ సెల్యూట్ చేసిందని నార్వేలో తీవ్ర విమర్శలు వచ్చాయి. నాలుగేళ్లకే ఆ దేశాన్ని జర్మనీ ఆక్రమించింది, ఆ మరుసటి ఏడాది ఇందులో ఆమె నార్వే శరణార్థిగా కనిపిస్తుంది. ఇది తెలిసి చూస్తే ఎల్లిస్ ఐలాండ్ సీన్‌లో నవ్వు సగంలో ఆగిపోతుంది. నాకైతే అలాగే జరిగింది.

చూసేటప్పుడు ప్రింట్ శుభ్రంగా ఉన్నది వెతుక్కోండి. చివర్లో నల్లరంగు వేసిన ఐస్ మీద పెద్ద బ్యాలే ఉంటుంది, స్కేటర్ల నీడలు అద్దంలోలా కింద కనిపిస్తాయి. సినిమాకి వచ్చిన మూడు ఆస్కార్ నామినేషన్లలో ఒకటి ఛాయాగ్రహణానికి ఎందుకో అక్కడ తెలుస్తుంది. మసక ప్రింట్‌లో అదంతా బూడిదరంగు ముద్దలా ఉంటుంది, ఫోన్‌లో చూసినా అంతే. కథ మీద ఓపిక లేనివాళ్లు చాటనూగా పాట, ఈ చివరి బ్యాలే అయినా పెద్ద తెర మీద, సౌండ్ బాగా పెట్టుకుని చూడండి.