రీలోడింగ్ మొదలుపెట్టేవారికి రాక్ చకర్ సుప్రీమ్ కిట్: అందులో ఉన్నవి, విడిగా కొనవలసినవి

పేల్చిన ఇత్తడి కేసులను మళ్లీ నింపి సొంతంగా కాట్రిడ్జులు (తూటాలు) తయారు చేసుకోవాలనుకునేవారు ప్రైమర్లు (కేసు అడుగున ఉండి పౌడర్‌ను అంటించే చిన్న మూతలు), పౌడర్ దగ్గర ఉంచుకోవడానికి తమ ప్రాంతంలో ఏ అనుమతులు కావాలో ముందుగా తెలుసుకోవాలి. ఆ తర్వాత వచ్చే ప్రశ్న ఏ ప్రెస్, అంటే తూటాలు కూర్చే మీట యంత్రం, కొనాలన్నది. మీట లాగిన ప్రతిసారీ ఒక తూటాను పూర్తి చేసి ఇచ్చే ప్రోగ్రెసివ్ ప్రెస్ చాలామందిని ఆకర్షిస్తుంది. కానీ అందులో కేసును నొక్కి సరైన కొలతకు తేవడం (సైజింగ్), ప్రైమర్ ఎక్కించడం, పౌడర్ పోయడం, కేసు మూతిలో బుల్లెట్ కూర్చోబెట్టడం ఒకే కదలికలో జరిగిపోతాయి కనుక, ఇంకా చేయి తిరగని మనిషి వాటన్నిటినీ ఒకేసారి గమనించలేడు. ఒక్కో పనిని విడివిడిగా చేయించే సింగిల్ స్టేజ్ ప్రెస్‌తోనే నేర్చుకోవడం మొదలుపెట్టాలని నా దృఢమైన అభిప్రాయం. ఆ తరగతిలో ఆర్‌సీబీఎస్ సంస్థ అమ్మే రాక్ చకర్ సుప్రీమ్ మాస్టర్ కిట్‌ను కొత్తవారికి నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను.

ప్రెస్ పోత ఇనుముతో చేసినది. దాని చట్రం ఎక్కడా తెరిపి లేకుండా చుట్టూ మూసి ఉంటుంది కాబట్టి, పెద్ద రైఫిల్ కేసును పూర్తిగా సైజింగ్ చేసేటప్పుడు పడే బలానికి అది వంగదు. డైలు, అంటే కేసుకు ఆకారమిచ్చి బుల్లెట్‌ను కూర్చోబెట్టే ఉక్కు అచ్చులు, బిగించే మర 7/8 అంగుళం వ్యాసంతో, అంగుళానికి 14 చుట్లతో అందరూ వాడే కొలతకు ఉంటుంది. అందువల్ల ఇతర సంస్థల డైలు కూడా ఇందులో సరిపోతాయి. బల్ల మాత్రం గట్టిదై ఉండాలి; కదిలే బల్లకు బిగిస్తే ఎంత మంచి ప్రెస్ అయినా సరిగా పనిచేయదు.

నా దృష్టిలో ఈ కిట్‌కు ప్రాణం త్రాసు. పౌడర్‌ను గ్రెయిన్లలో తూస్తారు. ఒక గ్రెయిన్ అంటే సుమారు 64.8 మిల్లీగ్రాములు, ఇందులోని బీమ్ త్రాసు పదోవంతు గ్రెయిన్ తేడాను చూపుతుంది. అంత సున్నితమైన పరికరం కనుక ఫ్యాన్ గాలి తగిలినా, బల్ల కొద్దిగా వాలి ఉన్నా తప్పు చూపుతుంది. కూర్చున్న ప్రతిసారీ సున్నా సరిచూసుకోవాలి, బరువు ముందే తెలిసిన తనిఖీ తూకపు రాళ్లను విడిగా కొని వాటితో పరీక్షించాలి. మీట తిప్పితే కొలత ప్రకారం పౌడర్ పోసే పౌడర్ మెజర్ ఉన్నప్పుడు త్రాసు ఎందుకని కొందరు అడుగుతారు. మెజర్ కొలిచేది పరిమాణాన్నే గాని బరువును కాదు. గుండ్రని సన్నటి రేణువుల పౌడర్ దాని నుంచి దాదాపు సమానంగా పడుతుంది. పొడవాటి పుల్లల్లాంటి రేణువులున్న రైఫిల్ పౌడర్ ఒక్కోసారి మధ్యలో ఇరుక్కుని ఒక కేసులో తక్కువ, తర్వాతి దానిలో ఎక్కువ పడుతుంది. అందుకే కొత్తవారు ప్రతి మోతాదునూ తూచుకోవాలి.

కిట్‌లో ఇచ్చే లోడింగ్ బ్లాక్, అంటే కేసులను నిలబెట్టే గుంటల పలక, సాధారణంగా కనిపించినా దాని విలువ తక్కువ కాదు. పిస్టల్ కేసులో పౌడర్ సగం కూడా నిండని సందర్భాలు ఎన్నో ఉంటాయి. అలాంటి కేసులో పొరపాటున రెండుసార్లు పోసినా పొంగి బయటపడదు, కానీ పేల్చినప్పుడు తుపాకీ పగిలిపోవచ్చు. అసలు పోయకపోతే ప్రైమర్ బలానికే బుల్లెట్ నాళంలోకి వెళ్లి ఇరుక్కుంటుంది. అది తెలియక మళ్లీ పేల్చడమూ అంతే ప్రమాదకరం. బుల్లెట్లు కూర్చోబెట్టే ముందు బ్లాక్‌లోని కేసులన్నిటినీ టార్చి వెలుగులో వరుసగా చూస్తే ఈ రెండు తప్పులూ కంటబడతాయి. సింగిల్ స్టేజ్ పద్ధతిని నేను సమర్థించడానికి మొదటి కారణం ఈ పరిశీలనకు అది ఇచ్చే తీరికే.

ఇక కిట్‌లో లేనివాటి సంగతి. డైలు, ప్రెస్‌లో కేసు అడుగును పట్టి ఉంచే షెల్ హోల్డర్ మీ తూటా క్యాలిబర్‌ను (కొలతను) బట్టి విడిగా కొనాలి. నిటారు గోడల పిస్టల్ కేసులకు లోపల చాలా గట్టి, నున్నటి కార్బైడ్ వలయం ఉండే కార్బైడ్ డైలు తీసుకుంటే లూబ్రికెంట్ అక్కరలేదు. మెడ సన్నగా ఉండే రైఫిల్ కేసులకు అది తప్పనిసరి. లేకపోతే కేసు డైలో ఇరుక్కుపోతుంది, మరీ ఎక్కువైతే కేసు భుజం సొట్టపడుతుంది. తూటా పొడవును సూక్ష్మంగా కొలిచే డయల్ లేదా డిజిటల్ క్యాలిపర్ లేకుండా పని మొదలుపెట్టకూడదు. బుల్లెట్ ఉండవలసిన దానికంటే లోతుగా దిగితే, ముఖ్యంగా చిన్న పిస్టల్ కేసులలో, పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. ఆ తేడా కంటికి ఆనదు. క్యాలిపర్‌ను కిట్‌లో చేర్చకపోవడం ఈ సెట్‌లో నాకు నచ్చని అంశం. రైఫిల్ కేసులు పేల్చి సైజింగ్ చేసేకొద్దీ పొడవు సాగుతాయి కనుక వాటిని కత్తిరించే ట్రిమ్మర్ కూడా తొందరలోనే అవసరమవుతుంది.

పౌడర్ లేదా బుల్లెట్ తయారీదారు ప్రచురించిన, పౌడర్ మోతాదులు చెప్పే తాజా మాన్యువల్ ఒకటి తప్పక దగ్గర ఉండాలి. అందులోని ఆరంభ మోతాదుతోనే మొదలుపెట్టాలి తప్ప గరిష్ఠ మోతాదుతో కాదు. ఎవరో చెప్పిన అంకెలను అచ్చయిన మాన్యువల్‌తో సరిచూడకుండా వాడకూడదు.

కేసులను మెరిపించే టంబ్లర్ ఇప్పుడే అక్కరలేదు; మురికి పోయేలా గుడ్డతో తుడిస్తే చాలు. రక్షణ కళ్లద్దాలు మాత్రం ప్రైమర్లు ముట్టుకునే ముందే పెట్టుకోవాలి. టంబ్లర్‌కు పెట్టే డబ్బు మిగిల్చి సుత్తి ఆకారంలో ఉండే బుల్లెట్ పుల్లర్ కొనండి. పౌడర్ పడిందో లేదో అనుమానమున్న తూటాను దానితో విప్పి చూసుకోవచ్చు, బుల్లెట్‌నూ కేసునూ మళ్లీ వాడుకోవచ్చు.