రుషికొండలో దిగాలా, అండమాన్ వెళ్లాలా?

విశాఖవాళ్లకు సముద్రం రోజూ కనిపించేదే. దాని అడుగున ఏముందో చూడాలంటే రెండు దారులున్నాయి: ఇక్కడే రుషికొండ వైపు నీళ్లలో దిగడం, లేదా అండమాన్ వెళ్లి స్పీడ్‌బోట్‌లో దీవులకు పోయి స్నోర్కెలింగ్ (మాస్క్, గాలి గొట్టంతో నీటి మీద తేలుతూ కిందకు చూడడం) చేయడం.

పగడాలు చూడాలనుకుంటే నా ఓటు అండమాన్‌కే. స్వరాజ్ ద్వీప్ (పాత పేరు హేవ్‌లాక్) జెట్టీ నుంచి ఎలిఫెంట్ బీచ్‌కి స్పీడ్‌బోట్ ప్రయాణం కాసేపే. తల నీళ్లలో పెడితే పగడాల మధ్య చిలుక చేపలు తిరుగుతుంటాయి. అవి రాతిని పళ్లతో గీకే కరకర చప్పుడు కూడా వినిపిస్తుంది. పోర్ట్ బ్లెయిర్ దగ్గరి వండూరు నుంచి వెళ్లే జాలీ బాయ్ నాకు ఇంకా ఇష్టం. 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కులోది ఆ దీవి. ప్లాస్టిక్ తీసుకెళ్లనివ్వరు, ఆ కట్టుదిట్టం ఉండాల్సిందే.

మన తీరంలో అలాంటి పగడపు దిబ్బలు లేవు. రాళ్లు, వాటి చుట్టూ చేపలు ఉంటాయి. అలలు ఇసుకను కలిపేస్తాయి కాబట్టి నీరు తరచూ మసకగా ఉంటుంది, వానాకాలంలో అయితే దిగడం దండగ. పైన తేలుతూ చూసే స్నోర్కెలింగ్ కంటే, గాలి సిలిండర్ తగిలించుకుని ట్రైనర్‌తో లోతుకు దిగే స్కూబానే ఇక్కడ నయం. విమానం టికెట్ల ఖర్చుండదు, పొద్దున వెళ్తే మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండొచ్చు.

మాస్క్ అలవాటు లేనివాళ్లు అండమాన్‌కు ముందు ఇక్కడే స్విమ్మింగ్ పూల్‌లో ప్రాక్టీస్ చేయండి. మీసం ఉంటే మాస్క్‌లోకి నీళ్లు చేరతాయి, కాస్త వాజిలిన్ రాస్తే తగ్గుతుంది. నడుము నొప్పి ఉన్నవాళ్లు స్పీడ్‌బోట్‌లో వెనక సీటే అడగండి, కుదుపులు ముందు భాగంలోనే ఎక్కువ.