స్థలం అమ్మి అప్పు తీర్చడమా, నెలనెలా కంతులు కట్టడమా? అమెరికా క్లియరెన్సుకు ఏది మేలు?

పోయిన నెల మా అక్క తిరుపతి బైరాగిపట్టెడలోని మా ఇంటికి వచ్చి, కూర్చోకముందే "రేణిగుంట రోడ్డు స్థలం అమ్మేద్దాంరా" అంది. ఆ 40 అంకణాలు బావ రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో కొన్నవి. మేనల్లుడు అమెరికా పౌరుడు. అక్కడి రక్షణ శాఖకు పనిచేసే కంపెనీలో ఉద్యోగం ఖాయమైంది గానీ, దానికి సెక్యూరిటీ క్లియరెన్స్, అంటే రహస్య సమాచారం చూడనిచ్చే ప్రభుత్వ అనుమతి కావాలి. అంతకుముందు 8 నెలలు పని లేక క్రెడిట్ కార్డుల మీద ఇల్లు నడిపాడు. బాకీ 31,000 డాలర్లు. అప్పుంటే క్లియరెన్స్ రాదని ఎవరో చెప్పారట, అప్పటినుంచి అక్కకు నిద్ర లేదు.

నేను బ్యాంకులో లోన్ల సీట్లో చాలా ఏళ్లు పనిచేశాను. మేనల్లుడూ నేనూ ఫోన్లో ఆ నిబంధనలు వరసగా చదివాం. అప్పు ఇంత దాటితే క్లియరెన్స్ ఇవ్వరు అనే లెక్క అందులో ఎక్కడా లేదు. మొత్తం 13 గైడ్‌లైన్లు, అందులో ఆర్థిక విషయాలది 'ఎఫ్'. వాళ్ల భయానికి కారణం ఉంది. అమెరికా గూఢచారి సంస్థ సీఐఏలో పనిచేసిన ఆల్డ్రిచ్ ఏమ్స్ 1985లో అప్పుల ఒత్తిడిలో ఉండి సోవియట్ యూనియన్‌కు రహస్యాలు అమ్మాడు, 1994లో గానీ దొరకలేదు. అందుకే అప్పు ఎందుకైంది, అయ్యాక ఏం చేశావు అని తవ్వి తవ్వి అడుగుతారు. ఉద్యోగం పోవడం, జబ్బు, విడాకులు లాంటి చేతిలో లేని కారణాలను లెక్కలోకి తీసుకుంటారు.

స్థలం అమ్మి ఒకేసారి కట్టేస్తే ఏమవుతుంది? బాకీ పోతుంది, అది చిన్న విషయం కాదు. డబ్బు పంపడమూ కష్టం కాదు, రిజర్వ్ బ్యాంకు ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల దాకా అనుమతిస్తుంది. కానీ క్లియరెన్స్ కోసం నింపే ఎస్‌ఎఫ్-86 ఫారం 26వ సెక్షన్‌లో గత 7 ఏళ్లలో ఏ బాకీ అయినా 120 రోజులు దాటిందా అని అడుగుతారు. మావాడికి రెండు కార్డులు దాటాయి. ఇప్పుడు పైసాతో సహా కట్టినా 'అవును' అనే రాయాలి. పైగా ఆ డబ్బు విదేశంలో ఉన్న అమ్మానాన్నల నుంచి వచ్చింది, ఇంకో గైడ్‌లైన్ కింద దాని గురించీ అడగొచ్చు. చేబదులుగా ఇస్తే మరీ చిక్కు, అమెరికా బాకీ పోయి తిరుపతి బాకీ వచ్చినట్టవుతుంది.

కంతుల దారి వేరు. క్రెడిట్ కౌన్సెలింగ్ సంస్థ ద్వారా వడ్డీ తగ్గించుకుని, నెలకు దాదాపు 650 డాలర్ల చొప్పున ఐదేళ్లు. క్లియరెన్స్ నాటికి అప్పు తీరదు, నిజమే. కానీ వాడు తన జీతంలోంచి తప్పకుండా కడుతున్నాడని ప్రతి నెలా ఒక రసీదు చెబుతుంది. లోన్ల సీట్లో నేను చూసిందీ ఇదే. చివరి నిమిషంలో ఎవరో వచ్చి కట్టేసిన ఖాతా కన్నా, ఏడాదిగా కంతు తప్పని ఖాతా మీదే మాకు గురి. కుబేరుడి దగ్గర అప్పు చేసి వడ్డీ కడుతున్న స్వామి ఊళ్లో ఉంటున్నాం, అప్పుందని తల దించుకోవాల్సిన పని లేదని అక్కతో అన్నాను.

బాకీ తగ్గించమని మన తరఫున బేరమాడే సెటిల్‌మెంట్ కంపెనీలు నాకు నచ్చలేదు. బేరం కుదిరేదాకా కట్టడం ఆపమంటాయి, దాంతో ఇంకొన్ని కార్డులు 120 రోజులు దాటుతాయి. మాఫీ అయిన మొత్తాన్ని సాధారణంగా ఆదాయం కింద లెక్కేసి పన్ను అడుగుతారు. ఇక మనం ఐపీ పెట్టడం అంటామే, అది చేస్తే క్లియరెన్స్ దానంతట అది పోదు. నిజంగా దారి లేనివాడికి అది చట్టం ఇచ్చిన దారి, అందులోనూ కోర్టు ప్లాను ప్రకారం 3 నుంచి 5 ఏళ్లు కట్టే చాప్టర్ 13 మేలు. జీతం మొదలవుతున్న మావాడికి అది అక్కర్లేదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాను: ఏ దారి పట్టినా ఫారంలో దాచొద్దు నాయనా. అప్పుకు సర్ది చెప్పుకోవచ్చు, అబద్ధం నేరమవుతుంది.

బ్యాంకులో ఊరికే పడి ఉన్న డబ్బైతే, కానుకగా పంపు అక్కా అనేవాణ్ణి. ఆ స్థలం తప్ప వాళ్లకు వేరే ఆధారం లేదు. మొన్న మొదటి కంతు కట్టిన రసీదు వాట్సాప్‌లో వచ్చింది. అక్క దాన్ని ప్రింట్ తీయించి, బీరువాలో స్థలం కాగితాల పక్కన పెట్టుకుంది.