సంతానశక్తి వార్ధక్య పరిశోధనకు నులిపురుగా, చిట్టెలుకా?

శరీరంలోని ఇతర అవయవాలకన్నా ముందే అండాలు ఎందుకు ముసలివవుతాయో తెలుసుకోదలచిన శాస్త్రవేత్త మొదట ప్రయోగజీవిని ఎంచుకోవాలి. ఒక మిల్లీమీటరు పొడవుండే సీ. ఎలిగాన్స్ నులిపురుగా, చిట్టెలుకా అన్నదే ప్రశ్న.

కాలం: పురుగు ఆయుష్షు రెండు మూడు వారాలు, ఎలుకది రెండు మూడేళ్లు.

ఖర్చు: పురుగులకు అగర్ (జెల్లీ లాంటి పదార్థం) పోసిన పళ్లెం, దానిమీద ఈ. కోలి బ్యాక్టీరియా చాలు. ఎలుకలకు జంతుగృహం, సిబ్బంది, నైతిక సంఘం అనుమతి తప్పవు.

పొరపాటుకు అవకాశం: స్వయంఫలదీకరణ జరుపుకునే ద్విలింగ పురుగు సుమారు 300 సంతానం తర్వాత ఆగిపోవడానికి కారణం అండాలు చెడిపోవడం కాదు, శుక్రకణాలు అయిపోవడం, కనుక మగ పురుగులతో జతకట్టించకుండా వేసిన లెక్కలు తప్పుదారి పట్టిస్తాయి. కొత్తవారు ఇక్కడే పొరబడే ప్రమాదం ఉంది.

మనిషితో సామ్యం: ఇందులో ఎలుకదే పైచేయి. మనుషుల్లోలాగే దాని అండకణాలు పుట్టేనాటికే క్షయకరణ విభజన (క్రోమోజోముల సంఖ్యను సగం చేసే కణ విభజన) మధ్యలో ఆగి ఉంటాయి, క్రోమోజోములను పట్టి ఉంచే కొహెసిన్ అనే ప్రోటీన్ సముదాయం వయసుతో తరిగిపోవడాన్ని వాటిలో నేరుగా చూడవచ్చు. అయినా పురుగును తక్కువగా అంచనా వేయరాదు. ఇన్సులిన్ తరహా సంకేతాన్ని అందుకునే ప్రోటీన్‌కు మూలమైన డాఫ్-2 జన్యువులో మార్పు ఆయుష్షును రెట్టింపు చేస్తుందని అమెరికా శాస్త్రవేత్త సింథియా కెన్యన్ బృందం 1993లో చూపింది ఈ పురుగులోనే. కణాల మధ్య సందేశాలు మోసే టీజీఎఫ్-బీటా ప్రోటీన్ల సంకేతం తగ్గితే ఆయుష్షు పెద్దగా మారకుండానే సంతానోత్పత్తి కాలం పెరుగుతుందని అమెరికా విశ్వవిద్యాలయం ప్రిన్స్‌టన్‌లో కోలీన్ మర్ఫీ బృందం కనుగొన్నదీ ఇందులోనే.

కొత్త జన్యువులను వెతికేవారికి, నిధులు పరిమితంగా ఉన్నవారికి పురుగు తగినది. అండాశయ నిల్వను (అండాశయంలో మిగిలి ఉన్న అండాలను) గానీ, ఔషధ ప్రభావాన్ని గానీ పరీక్షించేవారికి ఎలుక తప్పనిసరి.