మేలో కాదు, మార్చిలో వెళ్ళండి: కాలిఫోర్నియా ఎడారిలో మూడు రోజులు

గుంటూరులో మా వీధిలో ఏప్రిల్ చివరికల్లా కొన్ని ఇళ్ళకి తాళాలు పడతాయి. పిల్లలు అమెరికాలో ఉన్న పెద్దవాళ్ళు ఎండలు ముదరకముందే విమానం ఎక్కేస్తారు. మేమూ రెండుసార్లు అలాగే వెళ్ళాం. మూడోసారి మా కోడలు పట్టుబట్టి ఫిబ్రవరిలోనే రప్పించింది. "ఈ ఏడు వానలు బాగా పడ్డాయి మావయ్యగారూ, ఎడారిలో పూలు చూద్దురు గాని" అంది. ఎడారిలో పూలేమిటి అనుకున్నాను. చూసి వచ్చాక మాత్రం కనిపించిన వాళ్ళందరికీ ఒకటే చెబుతున్నాను, ఆ వైపు వెళ్ళేటట్లయితే మార్చిలో అక్కడ ఉండేలా టికెట్లు తీసుకోండి.

విజయవాడ నుంచి మా వియ్యపురాలు కూడా వచ్చారు. మార్చి చివరి వారంలో ఐదుగురం ఒకే కారులో బయల్దేరాం. లాస్ ఏంజెలెస్ నుంచి 14వ నంబరు రోడ్డు పట్టుకొని ఉత్తరానికి వెళితే అది 395లో కలుస్తుంది. మేము చూసినవన్నీ దాదాపు ఆ దారి వెంటే ఉన్నాయి.

మొదట వాస్క్వెజ్ రాక్స్. రాతి పలకలు ఏటవాలుగా ఆకాశంలోకి లేచి ఉంటాయి. ఆ పేరుగల బందిపోటు 1870ల్లో ఇక్కడ దాక్కునేవాడు. స్టార్ ట్రెక్ అనే అంతరిక్ష కథల సీరియల్‌లో వేరే గ్రహంగా చూపించిన రాళ్ళు ఇవే. లోపలికి టికెట్ లేదు. అరగంట చాలు.

అక్కడి నుంచి లాంకాస్టర్ దగ్గరున్న పాపీ పూల రిజర్వుకి పొద్దున తొమ్మిదింటికే చేరాం. కారుకి 10 డాలర్లు తీసుకున్నారు. తీరా చూస్తే కొండంతా ఆకుపచ్చగా ఉంది, మధ్యమధ్య ముడుచుకున్న మొగ్గలు. చలిగాలి కొడుతోంది. మా ఆవిడ ముఖం చిన్నబోయింది. ఈ పూలు చలికి, మబ్బుకి ముడుచుకుపోతాయట, ఎండ తగిలితేనే విచ్చుకుంటాయట. కారులో కూర్చొని పులిహోర తిన్నాం. పదకొండు దాటాక దిగితే అదే కొండ కనకాంబరాలు ఆరబోసినట్టు ఉంది. ఆ రంగు ఫోటోలో రాదు. ఎంత దూరం చూసినా అదే రంగు, పైన నీలం ఆకాశం. చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.

ఇక్కడ ఎవరూ విత్తనాలు చల్లరు, నీళ్ళు పెట్టరు. ఎడారి మొక్కల గింజలు ఏళ్ళ తరబడి మట్టిలో పడుంటాయి. చిన్న జల్లుకి మోసపోయి మొలకెత్తవు. చాలా రకాల గింజలకి మొలకని ఆపే పదార్థం పొరలోనే ఉంటుంది, గట్టి వాన పడి అది కడుక్కుపోతేనే మొలుస్తాయి. అందుకే శీతాకాలం వానలు సరిగా పడని ఏడు ఈ కొండ మామూలు కొండే. "గసగసాల మొక్కేనా ఇది?" అని మా ఆవిడ అడిగింది. కుటుంబం అదే గాని మొక్క వేరు. వియ్యపురాలు దేవుడికి ఒక్క పువ్వు కోసుకుందామనుకున్నారు. కోయకూడదన్న బోర్డు చూసి, "ఇక్కడే పెట్టేశాం అనుకుందాం వదినగారూ" అని అక్కడే దణ్ణం పెట్టుకున్నారు. దారి దాటి పూలలో నడిచి ఫోటోలు దిగేవాళ్ళని చూస్తే బాధేసింది. వాళ్ళు తొక్కిన చోట మొక్కలు అణిగిపోయి ఉన్నాయి.

సాయంత్రం రెడ్ రాక్ కాన్యన్‌లో పది నిమిషాలు ఆగాం. జురాసిక్ పార్క్ మొదట్లో డైనోసార్ ఎముకలు తవ్వే చోటు ఇది.

రాత్రి బస లోన్ పైన్ అనే చిన్న ఊళ్ళో. మోటెల్ ఫోటోలు చూసి ఆన్‌లైన్‌లో తీసుకున్నాం. హీటర్ పనిచేయలేదు. గది మార్చమంటే ఖాళీ లేదని రెండు దుప్పట్లు ఇచ్చారు, డబ్బు మాత్రం ఒక్క డాలర్ తగ్గించలేదు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ముందే ఫోన్ చేసి హీటర్, కింది అంతస్తు, మైక్రోవేవ్ ఉన్నాయో లేదో అడగండి. శాకాహారులకి ఆ ఊళ్ళో దొరికేది తక్కువ. మా కోడలు చిన్న రైస్ కుక్కర్, కందిపొడి, గోంగూర పచ్చడి సర్దబట్టి ఇబ్బంది పడలేదు.

చలికి నిద్రలేని ఆ రాత్రంతా తెల్లారి అలబామా హిల్స్‌లో మర్చిపోయాం. గుండ్రటి గోధుమరంగు రాళ్ళ గుట్టలు, వాటి వెనక మంచు కప్పుకున్న విట్నీ శిఖరం. 14,505 అడుగులు. మొదటి ఎండ శిఖరం మీద గులాబీ రంగులో పడి మెల్లగా కిందికి దిగింది. 1920 నుంచి ఇక్కడ సినిమాలు తీస్తున్నారు, మట్టి రోడ్డు పేరే మూవీ రోడ్. మామూలు కారు నెమ్మదిగా పోతుంది. 1939 నాటి గంగాదిన్ సినిమాలో మన దేశపు వాయవ్య సరిహద్దు అని చూపించింది ఈ గుట్టల్నే. అంత దూరంలో నిలబడి, ఇది ఒకప్పుడు మన దేశంగా నటించిన నేల అనుకుంటే అదోలా అనిపించింది. ఊళ్ళో సినిమా మ్యూజియం ఉంది, గంటన్నర పెట్టుకోండి. రాళ్ళ దగ్గరికి వెళ్ళే ముందే మ్యూజియం చూస్తే ఇంకా బాగుండేది.

మూడో రోజు డెత్ వ్యాలీ అనే లోయ, అదంతా నేషనల్ పార్క్. కారుకి 30 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. మెస్కైట్ ఇసుక తిన్నెలు, ఆర్టిస్ట్స్ పాలెట్ కొండలు 1977 నాటి స్టార్ వార్స్‌లో ఉన్నాయని మా అబ్బాయి వరసగా చూపించాడు. పూలు ఇక్కడ తివాచీలా లేవు, రోడ్డు పక్కన పసుపు పచ్చగా వరసలు కట్టి ఉన్నాయి. దిగి వంగి చూస్తే వాటి నీడలో గోరంత ఊదా పూలు. బ్యాడ్‌వాటర్ దగ్గర ఉప్పు నేల సముద్ర మట్టానికి 86 మీటర్లు దిగువన ఉంటుంది. ఈ లోయలోనే 1913 జూలై 10న 56.7 డిగ్రీలు నమోదైంది. రెంటచింతల ఎండలు ఎరిగిన మనం మే నెలలో మళ్ళీ అలాంటి ఎండలోకే వెళ్ళడం ఎందుకు? పూలు కూడా లోయలో అప్పటికి ఎండిపోతాయి.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటుంది. లోపల గదులు ఖరీదని ఆ రాత్రే లాస్ ఏంజెలెస్‌కి తిరిగి వచ్చేశాం. ఐదు గంటల ప్రయాణం, వియ్యపురాలి కాళ్ళు వాచాయి. పైగా ఆ లోయ రాత్రి చుక్కలకి పేరున్న చోటు, అవి చూడకుండా వచ్చాం. నాలుగో రోజు పెట్టుకొని ఒక్క రాత్రి లోపలే ఉండండి, ఆ డబ్బు దండగ కాదు. పెట్రోలు లోన్ పైన్‌లోనే నింపుకోండి. లోయలో చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, మ్యాపు ముందే దించుకుంటే టెన్షన్ ఉండదు.

టికెట్లు కొనే ముందు అక్కడి శీతాకాలం వానల సంగతి పిల్లల్ని కనుక్కోండి. పాపీ రిజర్వు కొండని చూపించే లైవ్ కెమెరా కూడా ఒకటుంది. మా ఆవిడ ఇప్పుడు గుంటూరులో ఉన్నా మార్చి వచ్చిందంటే రాత్రి పదకొండున్నర దాకా మేలుకొని, అక్కడ పూలు విచ్చుకునే వేళకి ఆ కెమెరా పెట్టమంటుంది.